రైతు ఉత్పత్తిదారుల కంపెనీలలో యాజమాన్య మార్పు: నోటరీ పత్రాల చట్టబద్ధత

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం పరిసర రైతులు కలిసి ఒక ఉత్పత్తిదారుల కంపెనీని నడుపుచున్నారనుకొందాం. ఖరీఫ్ ఆరంభంలో, బ్యాంకు ఖాతాపై సంతకం చేసే డైరెక్టరు రాజీనామా చేసినారు. మిగిలినవారు స్టాంపు కాగితంపై కొత్త డైరెక్టరు పేరు వ్రాసి, నోటరీ ముద్ర వేయించి బ్యాంకుకు సమర్పించినారు. కంపెనీల రిజిస్ట్రారు రికార్డులో ఆ పేరు లేనందున సంతకందారు మార్పునకు బ్యాంకు అంగీకరించదు. విత్తనాలు, ఎరువుల కొనుగోలుకు అవసరమైన సొమ్ము అదనులో అందదు.

నోటరీ ముద్ర పరిధి

నోటరీల చట్టం, 1952లోని 8వ సెక్షను ప్రకారం పత్రంపై సంతకాన్ని ధ్రువీకరించుట, ప్రమాణ పత్రం స్వీకరించుట వంటివి నోటరీ విధులు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన సంతకం చేసినాడనుటకు ఆ ముద్ర సాక్ష్యం. పత్రంలోని నిర్ణయం చట్టప్రకారం జరిగినదనుటకు అది సాక్ష్యం కాదు. ఇండోనేషియాలో నోటరీయే అధికారిక దస్తావేజును రూపొందించే ప్రభుత్వాధికారి. అక్కడ కంపెనీ నియమావళి సవరణకు నోటరీ దస్తావేజు తప్పనిసరి. భారతదేశంలో నోటరీకి ఆ పాత్ర లేదు.

మార్పు చెల్లుబాటు అగు విధానం

ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002 సవరణ ద్వారా చట్టంలో స్థానం లభించినది. ప్రస్తుతం ఇవి కంపెనీల చట్టం, 2013లోని 21-ఎ అధ్యాయానికి లోబడి ఉన్నవి. బోర్డులో కనీసం 5, గరిష్ఠంగా 15 మంది డైరెక్టర్లుండాలి. పదవీకాలం ఒక సంవత్సరానికి తగ్గరాదు, ఐదు సంవత్సరాలు మించరాదు. మార్పు జరిగినప్పుడు ఈ క్రమం పాటించాలి:

1. రాజీనామాను వ్రాతపూర్వకంగా స్వీకరించి, అందిన తేదీ నమోదు చేయాలి.
2. డైరెక్టర్లను వార్షిక సర్వసభ్య సమావేశంలో సభ్యులు ఎన్నుకొనాలి. అంతవరకు వేచియుండలేనిచో బోర్డు తీర్మానంతో అదనపు డైరెక్టరును నియమించవచ్చు.
3. తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో నమోదు చేయాలి.
4. కొత్త డైరెక్టరుకు గుర్తింపు సంఖ్య (డిన్) ఉండాలి. డీఐఆర్-2 పత్రంలో ఆయన సమ్మతి తీసుకొనాలి.
5. మార్పు జరిగిన 30 రోజులలో డీఐఆర్-12 పత్రాన్ని రిజిస్ట్రారుకు ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి.

గడువు దాటినచో అదనపు రుసుము చెల్లించవలసి వచ్చును. 172వ సెక్షను క్రింద రూ. 50,000 జరిమానాకు కూడా అవకాశమున్నది. ఈ భారం చివరకు రైతుల వాటాధనంపైనే పడును.

నోటరీ పత్రం ఉపయోగపడు సందర్భాలు

ప్రమాణ పత్రాలు, అధికార పత్రాలు (పవర్ ఆఫ్ అటార్నీ), నకళ్ల ధ్రువీకరణకు నోటరీ ముద్ర ఉపకరిస్తుంది. సంతకం తనది కాదని తరువాత వివాదం తలెత్తినప్పుడు దానికి విలువ ఉన్నది. అయితే అది తీర్మానానికి గాని, దాఖలుకు గాని ప్రత్యామ్నాయం కాదు.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్తలు కంపెనీని సందర్శించినప్పుడు మినిట్స్ పుస్తకాన్ని, డీఐఆర్-12 దాఖలు రసీదును, బ్యాంకు సంతకందారుల జాబితాను సరిపోల్చి చూడాలి. ఈ మూడింటిలో పేర్లు ఒక్కటిగా లేనిచో, విత్తే కాలం రాకముందే సరిదిద్దించుట మేలు.