కోళ్ల దొడ్డికి చౌకయైన పైకప్పు

కోడిపిల్లలను పొదిగించుట సులభము. గ్రద్ద వాత పడకుండ పెంచుటయే కష్టము. పిల్లలు పోయినచో ఇల్లాలి గ్రుడ్ల రాబడియు పోవును. దీనికి ఖరీదైన ఇనుప జాలియే కావలెనని లేదు.

దొడ్డి నడుమ ఎత్తైన వెదురు గుంజను, చుట్టును పొట్టి గుంజలను పాతి, కొబ్బరి త్రాళ్లు బిగించి, కాకి దూరని చిన్న కన్నులుగల పాత చేపల వలను పరచి అంచులు గట్టిగా కట్టవలెను. నడుమ ఎత్తుగా నుండుటచే వల క్రుంగదు. ఎండకు నైలాను దారము పెళుసెక్కును గనుక అప్పుడప్పుడు లాగి చూచి, తెగినచోట అల్లవలెను.

వల గ్రద్దను ఆపును గాని పక్షుల రెట్టను ఆపదు. కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ ఆ రెట్టవలన సోకగలవు. కావున మేత తొట్టికిని, నీళ్ల కుండకును పైన తాటాకు కప్పు వేయుడు.

వల పగటి కావలి మాత్రమే. బావురుపిల్లి దానిని కొరికి దూరగలదు. ప్రొద్దు గ్రుంకగానే కోళ్లను గూటికి చేర్చి తలుపు వేయుట మరువకుడు.