పన్ను నొప్పి దానంతట అదే మాయమైతే ఖుష్ కాకండి

మన తొర్రూరులో ఎవరికైనా పన్ను నొస్తే ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. నేనూ అంతే. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చేసి కోడ్ రాసుకున్నోణ్ణి. కానీ ఈ ఎపిసోడ్‌లో చెప్పేదంతా నా దవడ మీద జరిగిందే.

జాబ్ చేసే రోజుల్లో కింది దవడ పన్ను పుచ్చింది. చల్లని నీళ్లు తాగితే జివ్వుమనేది, పట్టించుకోలేదు. తర్వాత రాత్రి పడుకుంటే చాలు, గుండె కొట్టుకున్నట్టు పన్ను కొట్టుకునేది. దసరాకు ఊరొస్తే అమ్మ లవంగం పెట్టింది, నేను గోలీలు తెచ్చుకున్నా. నాలుగు రోజుల్లో నొప్పి మాయం. నెల తర్వాత పొద్దున లేచి అద్దం చూస్తే సగం మొఖం వాచి ఉంది.

మధ్యలో ఏం జరిగిందంటే... పన్ను పైన ఉండేది ఎనామెల్. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది, కానీ దాంట్లో నరం ఉండదు. అందుకే పుచ్చు మొదలైనప్పుడు మనకు తెలియదు. మనం తిన్న చక్కెరను బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తది, ఆ ఆమ్లం ఎనామెల్‌ను కరిగిస్తది. కింద ఉన్న డెంటిన్ దాకా వస్తే జివ్వుమంటది. ఇంకా లోపలిది పల్ప్, అంటే నరం, రక్తనాళాలు. కాలికి దెబ్బ తగిలితే వాస్తది కదా, పల్ప్ వాయడానికి జాగా ఏది? చుట్టూ గట్టి గోడే. ఆ ప్రెజరే రాత్రి నొప్పి. కొన్నాళ్లకు పల్ప్ చచ్చిపోతది. నరం చచ్చాక నొప్పి ఎట్లా తెలుస్తది? బ్యాక్టీరియా మాత్రం వేరు చివర నుంచి ఎముకలోకి దిగి చీము పడతది.

మరి యాంటీబయాటిక్? మందు పోవాలంటే రక్తం కావాలి. చచ్చిన పల్ప్‌కు రక్తం అందదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు చాలావరకు పంటి నొప్పులకు యాంటీబయాటిక్ వద్దు, పన్నుకే ట్రీట్‌మెంట్ చేయాలంటది. జ్వరమొచ్చినా, వాపు పాకుతున్నా డాక్టరే రాస్తారు, ట్రీట్‌మెంట్‌తో పాటు. లవంగంలో యూజినాల్ ఉంటది, అది కాసేపు తిమ్మిరెక్కిస్తది, అంతే. చిగురు మీద ఆస్పిరిన్ గోలీ పెడతారు కొందరు, అది మాంసాన్ని కాలుస్తది. పెట్టకండి ప్లీజ్.

అసలు పని చీము బయటికి తీయడం, తర్వాత రూట్ కెనాల్. పల్ప్ తీసి, వేరు లోపల కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం నింపి, పైన క్యాప్ వేస్తారు. పన్ను నిలవదనుకుంటే పీకేస్తారు.

ఇది మాత్రం సీరియస్‌గా వినండి. నాలుక కింద, గడ్డం కింద రెండువైపులా వాపు గట్టిపడటం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం. జర్మన్ డాక్టర్ లుడ్విగ్ 1836లో వర్ణించిన జబ్బు ఇదే, ఊపిరి దారి మూసుకుపోయి ప్రాణం పోవచ్చు. షుగర్ ఉన్నోళ్లకు రిస్క్ ఇంకా ఎక్కువ. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ కొట్టండి. మన దగ్గర్నుంచి వరంగల్ ఎంజీఎంకు గంటకు పైనే పడతది.

నాకు అంతదాకా పోలేదు. ఇన్ఫెక్షన్ ఉన్నచోట మత్తు సరిగా ఎక్కదట, అందుకే మొదటిరోజు చీము తీసి పంపించారు. మొత్తం మూడు సిట్టింగులు. సూది పోటు తప్ప పెద్దగా నొప్పి లేదు, బిల్లు చూసినప్పుడు ఉంది. క్యాప్ రంగు పక్క పన్నుతో కలవలేదని అమ్మ ఇప్పటికీ అంటనే ఉంటది.