చూరున వ్రేలాడు వరికుచ్చు

వరికోతలు సాగు దినములందు శ్రీకాకుళ, విజయనగర మండలముల పల్లెలలో నడచిపోవువారికి, నేటికిని కొన్ని పెంకుటిండ్ల చూరులనుండి యొక వింత వస్తువు వ్రేలాడుచు కన్పట్టును. దూరమునుండి చూచినచో అది బంగారు వన్నె గల జడకుచ్చువలె నుండును. సమీపించి చూచినచో గింజ రాల్చని వరికంకులతో అల్లిన గుత్తి యని తెలియును. దీనిని వరికుచ్చందురు. దేవాలయ మంటపములందును, ఇంటి ద్వారబంధములపైనను దీనిని కట్టు ఆచారము తెలుగునాట చాలచోట్ల గలదు. ధాన్యలక్ష్మి యింటికి వచ్చినదనుటకు ఇది గుర్తని కొందరు చెప్పుదురు. కట్టిన రెండు మూడు దినములలో దాని అసలు ప్రయోజనము తేటపడును. పిచ్చుకలు వచ్చి దానిపై వ్రాలి, కాళ్లతో కంకిని పట్టుకొని, తలక్రిందులుగా వ్రేలాడుచు, గింజను ముక్కున నొక్కి, ఊకను నేలకు విడిచి, బియ్యమును మాత్రమే మ్రింగుచుండును.

పంటలో పిట్టలకును పాలు గలదను భావము మనకే సొంతము కాదు. నార్వే దేశమున క్రిస్మసు పండుగనాడు ఓటుధాన్యపు కంకులను మోపుగా కట్టి, కొయ్యకు తగిలించి, మంచులో నిలుపు పాత ఆచారము గలదు. ఎక్కడి నార్వే, ఎక్కడి నాగావళీ తీరము! అచ్చట నేలనంతయు మంచు కప్పుటచే పక్షులకు మేత దొరకదు. ఇచ్చట కోతలు ముగిసి, ధాన్యము గాదెలకు చేరి, చేలు బోసిపోవును. కారణములు వేరైనను రైతులకు తోచిన ఉపాయము ఒక్కటియే.

వరికుచ్చు అల్లుట కష్టము కాదు. గింజ గట్టిపడి, గడ్డి ఇంకను కొంత పచ్చిగా నున్నప్పుడే కంకులను జానెడు కాడతో కోయవలెను. పూర్తిగా ఎండిన కాడ వంచినంతనే విరిగిపోవును. ఎండినవే దొరకినచో కాడలను ఒక రాత్రి తడిగుడ్డలో చుట్టి యుంచవలెను, తెల్లవారుసరికి మెత్తబడును. మొదట పది పండ్రెండు కంకులను చేర్చి, మెడవద్ద బిగించి కట్టవలెను. తరువాత మూడేసి కంకులను కలుపుచు, వాని కాడలను మొదటి కాడలతో జడపాయలవలె పెనవేయుచు పోవలెను. కంకుల తలలు వెలుపలికిని క్రిందికిని, కాడలు లోపలికిని ఉండునట్లు చూచుకొనవలెను. చివర మిగిలిన కాడలనన్నిటిని కలిపి కొబ్బరిపీచు త్రాటితో ముడివేసినచో కుచ్చు సిద్ధమగును. పల్లెలలోని పెద్దలు ఆ త్రాడు కూడ లేకుండ గడ్డితోనే ముడి వేయుదురు. ఆ నేర్పు వారి ప్రక్కన కూర్చుండి చేతులు చూచి గ్రహింపవలసినదే కాని, పుస్తకము చదివి పట్టువడునది కాదు.

కుచ్చును వాన తగలని చూరుక్రింద, పిల్లి ఎగిరినను అందని ఎత్తున, గోడకు మూరెడు దూరముగా వ్రేలాడదీయవలెను. అది గాలికి ఊగుచుండుటయే దానియందలి చమత్కారము. తేలికైన పిచ్చుక, జీనువాయి వంటి చిన్నపిట్టలు ఊగుచున్నను దానిని పట్టుకొని తినగలవు. కాకి, పావురము వంటి బరువైన పక్షులకు అచ్చట కాలూనుట కష్టము. కాబట్టి బలహీనుల భోజనమును బలవంతులు కొల్లగొట్టుటకు అంతగా వీలుండదు. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. విత్తనములకని మందు పట్టించిన ధాన్యమును పక్షులకు ఎన్నడును వేయరాదు. అది వానికి విషము.

కంకులు దొరకని కాలమున కొబ్బరిచిప్ప చాలును. ఉద్దాన ప్రాంతపు బాలబాలికలకు దానిని వెదకనక్కరయే లేదు. చిప్ప అంచున మూడు రంధ్రములు చేసి, త్రాళ్లు కట్టి, కొమ్మకు వ్రేలాడదీయవలెను. అడుగున మరియొక చిన్న రంధ్రము చేసినచో వాననీరు నిలువదు. దానిలో నూకలు, కొర్రలు, సామలు వేయవచ్చును. మన ప్రాంతమున గంటెలనబడు సజ్జలను, అంబలి కాచుకొను చోళ్లను కూడ పిట్టలు ఇష్టముగ తినును. గోరువంకకును పికిలిపిట్టకును గింజలకంటె పండ్లమీద మక్కువ హెచ్చు. సగము కోసిన జామపండును గాని, బొప్పాయి ముక్కను గాని కొమ్మకు గుచ్చి యుంచినచో అవి తామే వెదకుకొని వచ్చును.

శీతల దేశములవారు గింజలను కొవ్వులో కలిపి ముద్దలుగ చేసి తోటలలో కట్టుదురు. చలికి తట్టుకొనుటకు అచ్చటి పక్షులకు ఆ కొవ్వు అవసరము. మన యెండలకు ఆ ముద్ద కరగి, చెడిపోయి, ఈకలకు అంటుకొనును. కనుక ఆ పద్ధతి మనకు తగదు. ఉప్పు వేసిన అన్నము, నూనెలో వేచిన పిండివంటలు, ఊరగాయ కలిసిన ఎంగిలి మెతుకులు కూడ పెట్టరాదు. ఉప్పును చిన్నపిట్టల శరీరము తాళలేదు. బూజు పట్టిన వేరుసెనగపప్పు మరింత ప్రమాదకరము.

ఎంత పెట్టవలెనను ప్రశ్నకు సమాధానము సులభమైనది: సాయంకాలమునకు ఎంత ఖాళీ యగునో అంతే పెట్టవలెను. మిగిలిన గింజలు తడిసి కుళ్లినచో రోగములు పుట్టును. బ్రిటను దేశమున 2005వ సంవత్సరము మొదలు తోటలలోని పచ్చపిచ్చుకలు ఒక గొంతురోగముచే పెద్ద సంఖ్యలో మరణించెను. అనేక పక్షులు ఒకే పాత్రలో తిని, త్రాగుటవలన అది వ్యాపించెనని అచ్చటి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. దయతో పెట్టిన గిన్నెయే శుభ్రము లేనిచో మృత్యుపాత్ర యగును! చిప్పను వారమునకొకసారి వేడినీటితో కడిగి యెండబెట్టుట, నీటి మూకుడును ప్రతిదినము తోమి నింపుట తప్పనిసరి. వేసవియందు గింజలకంటె ఆ మూకెడు నీరే వానికి ముఖ్యము. అంగుళము లోతు చాలును.

ఇంతవరకు చెప్పినది పెద్దపిట్టల భోజనము. పిల్లల మాట వేరు. పిచ్చుకల జంట సాధారణముగ మూడునుండి అయిదు గ్రుడ్లు పెట్టును. సుమారు పండ్రెండు దినములు పొదిగిన పిమ్మట, కన్నులు తెరువని, ఈకలు లేని కూనలు బయటపడును. అవి రెక్కలు వచ్చి గూడు విడుచుటకు రమారమి రెండు వారములు పట్టును. ఆ రెండు వారములలో వాని శరీరము ఎదుగవలెనన్న మాంసకృత్తులు కావలెను. అవి గింజలలో చాలినంత లేవు. అందుచేతనే తల్లిదండ్రులు తాము ధాన్యము తినునవియైనను, పిల్లలకు గొంగళిపురుగులను, చిన్న చిన్న కీటకములను ఏరి తెచ్చి నోట పెట్టును. చూరున వరికుచ్చు నిండుగ నున్నను, పెరటిలో పురుగు లేనిచో గూటిలోని పిల్ల బ్రతుకుట కష్టము.

ఈ సంగతి తెలియక పిచ్చుకను కేవలము ధాన్యపు దొంగగ భావించిన దేశము కూడ గలదు. 1958లో చైనా ప్రభుత్వము పిచ్చుకలను నిర్మూలింప పూనుకొనెను. జనులు పళ్లెములు, తప్పెటలు మ్రోయించుచు, వానిని ఎచ్చటను వ్రాలనీయక, అలసి నేల గూలునట్లు చేసిరి. గూళ్లు చెరచిరి, గ్రుడ్లు పగులగొట్టిరి. పిదప తినువారు లేక పురుగులు పెచ్చుపెరిగి పైరులకు హాని కలుగగా, 1960లో శత్రువుల పట్టికనుండి పిచ్చుకను తొలగించి, దాని స్థానమున నల్లిని చేర్చిరి.

మనదేశమున పిచ్చుక అంతరించిపోయినదని పలువురు అనుచుందురు. అది పూర్తిగా నిజము కాదు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారము, దేశము మొత్తముమీద వాని సంఖ్య ఇంచుమించు నిలకడగనే యున్నది. మహానగరములలో మాత్రము తగ్గినది. ఆ నగరములలోనొకటియైన ఢిల్లీ 2012లో పిచ్చుకను తన రాష్ట్రపక్షిగ ప్రకటించుట గమనింపదగినది. పల్లెలలో నింకను నిలిచియున్న పిట్ట పట్టణములలో ఏల తగ్గవలెను? మందు చల్లని మొక్కలు, చూరులు, గోడ సందులు అచ్చట తక్కువ. మన పల్లెలలోను పెంకుటిల్లు పోయి మిద్దె వచ్చిన వీథులలో ఈ కొరత మొదలైనది. 2018 అక్టోబరులో పలాస ప్రాంతమును తాకిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడిమామిడి తోటలను అసంఖ్యాకముగ నేలకూల్చినప్పుడు, చెట్లపై నివసించు పక్షులు సైతము ఒక్క రాత్రిలో నిలువనీడ కోల్పోయెను.

కాబట్టి వరికుచ్చు కట్టిన యింటివారు పెరటిలో ఒక మూలనైనను పురుగుమందు చల్లకుండ విడువవలెను. ఒక చిక్కుడుపాదు గాని, బీరపందిరి గాని చాలును. ఆకులకు కొన్ని చిల్లులు పడుట చూచి పెద్దలు విసుగుకొనవచ్చును. ఆ చిల్లులు చేసిన పురుగే పిచ్చుకపిల్లకు అన్నప్రాశనము. మిద్దె యిండ్లవారు గూటికై చిన్న కొయ్యపెట్టెను గోడకు బిగింపవచ్చును. దాని ద్వారము అంగుళముంబావు వెడల్పు గల గుండ్రని రంధ్రముగ నుండవలెను. అంతకు మించినచో గోరువంక జొరబడి పిచ్చుకను తరిమివేయును. పెట్టె నేలకు పది అడుగుల ఎత్తున, మధ్యాహ్నపు టెండ సోకని వైపున ఉండుట మంచిది. లోపల మెత్తని పరుపేదియు మనము అమర్పనక్కరలేదు. గింజలు తీరిపోయినవని వరికుచ్చును దింపి పారవేయక, అట్లే వ్రేలాడనీయవలెను. ఆ యెండుగడ్డిని పోచపోచగా పీకి, గూటికి మోసికొనిపోవు పని పిచ్చుకలే చేసికొనును.