కొరమీనుకు ముప్పుగా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ - చెరువులోకి చేరకముందే నియంత్రణ అవశ్యం

డిచ్‌పల్లి: నిజామాబాదు జిల్లాలోని గొలుసుకట్టు చెరువులు సేద్యానికే గాక, మత్స్యకార కుటుంబాల జీవనోపాధికి, స్థానిక జలచరాలకు ఆధారములు. రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొరమీను, వాలుగ, మార్పు, పరక వంటివి ఈ నీటిలో తరతరాలుగా మనుగడ సాగిస్తున్నవి. వీటి ఉనికికి పరాయి ఖండపు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వలన ముప్పు పొంచి ఉన్నది.

1990ల తొలినాళ్లలో బంగ్లాదేశ్ మీదుగా అనధికారికంగా మన దేశంలో ప్రవేశించిన ఈ చేపను నిర్మూలించవలసిందిగా కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1997లోనే ఆదేశించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో నిషేధాన్ని పునరుద్ఘాటించింది. అయినను పెంపకం పూర్తిగా ఆగలేదు. కారణం సుస్పష్టం. కోళ్ల దుకాణాల, కబేళాల వ్యర్థాలను మేపినా ఇది వేగంగా ఎదుగుతుంది.

ఒకటిన్నర మీటరు పొడవు వరకు పెరిగే ఈ చేప ఇతర చేపలను, వాటి పిల్లలను, కప్పలను, కీటకాలను భక్షిస్తుంది. గాలిని నేరుగా పీల్చగలదు గనుక, నీరు అడుగంటిన వేసవిలోనూ బురదలో బ్రతుకుతుంది. వర్షపు రాత్రులలో తడినేలపై ప్రాకి వేరొక నీటి మడుగుకు చేరగలదు. చెరువు మత్తడి దుంకిన నాడు దిగువ చెరువుకు, వాగుకు, అటుపై గోదావరికి దీనికి మార్గం సుగమమే. కొరమీను జంట తన పిల్లల గుంపును ఎంత జాగరూకతతో కాచినను, ఇంతటి భక్షకి ముందు ఆ కాపలా నిలువదు.

ఒకసారి పెద్ద చెరువులో స్థిరపడిన పిదప దీనిని తొలగించుట దాదాపు అసాధ్యం. చిన్న నర్సరీ కుంటలలో అవాంఛిత చేపల నిర్మూలనకు హెక్టారుకు సుమారు 2,500 కిలోల ఇప్పపిండి వాడటం పరిపాటి. పశువులు నీరు త్రాగే ఊరి చెరువునకు ఆ పద్ధతి తగదు. స్థానిక చేపలు సైతం నశించును. కావున నియంత్రణ జరుగవలసింది పెంపకపు కుంటల వద్ద, రవాణా మార్గాలలో. ప్రాణంతో ఎంతో దూరం తరలించగల చేప అయినందున, డిచ్‌పల్లి మీదుగా సాగే 44వ నెంబరు జాతీయ రహదారి వంటి మార్గాలలో తనిఖీలకు ప్రాధాన్యం ఉన్నది.

గుర్తింపులో పొరపాటుకు తావున్నది. దేశవాళీ మార్పుకు, దీనికి కూడ నాలుగు జతల మీసాలుంటాయి, పొలుసులుండవు. అయితే మార్పు అరమీటరుకు చేరుటయే అరుదు. ఆఫ్రికన్ రకానికి పెద్ద చదునైన తల, బూడిదరంగు దేహంపై మచ్చలు కానవస్తాయి. సందేహం కలిగినపుడు మత్స్యశాఖ సిబ్బందిచే నిర్ధారించుకొనుట శ్రేయస్కరం. నిషేధం పేరిట దేశవాళీ మార్పును చంపుట కూడ నష్టమే.

బొచ్చె, రోహు విత్తనాన్ని చెరువులో వదిలే ముందు సహకార సంఘాలు నమూనా పరిశీలించాలి. వాటి నడుమ పొలుసులేని, మీసాలున్న పిల్ల ఇట్టే కంటబడుతుంది. వలలో చిక్కిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను తిరిగి నీటిలో వదలరాదు. గోతిలో పూడ్చి, మండల మత్స్యశాఖ సిబ్బందికి సమాచారం అందించాలి. నీరు తగ్గి వలకు అందే వేసవి నెలలు ఈ ఏరివేతకు అనుకూలమైనవి.