పాత ల్యాప్‌టాప్ ఎందుకు మూగబోతుంది?

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ డబ్బింగ్ థియేటర్లలో గొంతు ఇచ్చేవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారు. గదిలో స్పీకర్ మోగితే ఆ మోత కూడా మైకులో పడుతుంది మరి. పాత ల్యాప్‌టాప్‌దీ ఇలాంటి పద్ధతే: ఇయర్‌ఫోన్ పిన్ను దూరగానే సాకెట్‌లోని సన్నని రేకు కదులుతుంది, స్పీకర్లు ఆగిపోతాయి. ఏళ్లు గడిచి ఆ రేకు వంగినా, దుమ్ము పట్టినా, పిన్ను తీసేశాక కూడా అది లోపలే ఉన్నట్టు లెక్క! అందుకే ఇయర్‌ఫోన్‌లో పాట వినిపించి, అది తీయగానే నిశ్శబ్దమైతే, నా అనుమానం ముందు సాకెట్ మీదే. స్పీకర్లే పాడై ఉండొచ్చుగా అంటారా? ఉండొచ్చు. కానీ రెండు స్పీకర్లూ ఒకేసారి పోవడం అరుదు. పిన్నును నాలుగైదుసార్లు మెల్లగా పెట్టి తీయండి; రేకు సర్దుకుంటే గొంతు తిరిగొస్తుంది.

ఇయర్‌ఫోన్‌లోనూ వినిపించకపోతే మ్యూట్ మీట, సౌండ్ సెట్టింగ్స్, ఆపైన శబ్దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి ఉంటే, శబ్దం అటు పోతూ ఉండొచ్చు.