మీకు తెలుసా? పొరుగింటి డ్రమ్స్‌కు మనింటి గొంతు!

చెవి ఇలా పడేయండి! సోల్ సంగీతం పిచ్చి పట్టినవాళ్లు ఆడుకునే ఆట ఒకటుంది. ఒక కంపెనీ గాయకుణ్ని తీసుకెళ్లి, దానికి గిట్టని కంపెనీ వాయిద్యకారుల మధ్య నిలబెట్టడం! ఊహలోనే లెండి! మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీ గొంతు ఓటిస్ రెడ్డింగ్. ఆయన వెనక డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ బ్యాండు! రెండూళ్ల మధ్య 1,000 కిలోమీటర్లకు పైనే! అయితేనేం, పొరుగింటి పుల్లకూర రుచి కదా! ఒక ముద్ద తిని చూద్దాం రండి!

ముందు మోటౌన్ వంటిల్లు చూడండి. అదొక మామూలు ఇల్లు! బెర్రీ గోర్డీ ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ పెట్టాడు. మరి స్టూడియో? గ్యారేజీలో! ఎక్కడ చూసినా వైర్లే. అందుకే వాయిద్యకారులు దానికి ‘పాముల గుంత’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు!

ఆ పాముల గుంతకు తాళం పడేదే తక్కువ! రోజుకు 22 గంటలు తెరిచే ఉండేది! అర్ధరాత్రి మీకు బాణీ తట్టిందా? వచ్చేయండి!

మెంఫిస్ వాళ్లది ఇంకా విచిత్రం! పాత సినిమా హాలు! కుర్చీలు పీకేశారు, నేల వాలు మాత్రం అలాగే వదిలేశారు! పాప్‌కార్న్ అమ్మేచోట రికార్డుల కొట్టు తెరిచారు. రికార్డింగ్ మిషన్‌కు డబ్బెక్కడిది? కంపెనీ పెట్టిన జిమ్ స్టీవర్ట్ కోసం ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టింది! 2,500 డాలర్లు! అక్కంటే ఇలా ఉండాలి! ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే పుట్టిందే ‘స్టాక్స్’!

బోర్డుల గొడవ విన్నారా? మోటౌన్ ఇంటి మీద ‘హిట్స్‌విల్ యూఎస్ఏ’ అని రాసుకున్నారు. స్టాక్స్ వాళ్లు ఊరుకుంటారా? సినిమా పేరు వేసే చోట ‘సోల్స్‌విల్ యూఎస్ఏ’ అని తగిలించారు! తేడా 1 ముక్కే. మీవి హిట్లు, మావి ప్రాణాలు అన్నట్టు! ఇంత చక్కని దెప్పిపొడుపు నేనైతే చూడలేదు.

ఇప్పుడు మోటౌన్ అసలు మసాలా! బేస్ గిటార్ జేమ్స్ జేమర్సన్. మిగతావాళ్లు రెండు మూడు వేళ్లతో వాయిస్తారు. ఈయన? 1 వేలు! కుడిచేతి చూపుడువేలు, అంతే! దానికి ‘కొక్కెం’ అని పేరు కూడా ఉంది! తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట. పాతబడ్డ తీగల్లోనే రుచి ఉందని నమ్మకం. ఆవకాయ జాడీ కడగొద్దనే బామ్మ గుర్తొచ్చిందా? నాకూ అంతే!

చప్పుడు కావాలంటే మోటౌన్‌లో ఏది దొరికితే అది వాయిద్యమే! 1965లో మార్తా అండ్ ది వాండెల్లాస్ పాడిన ‘నోవేర్ టు రన్’ వినండి. ఝల్లు ఝల్లుమంటున్నదేంటి? గజ్జెలు కాదు! మంచులో జారకుండా కారు టైర్లకు చుట్టే ఇనుప గొలుసులు!

స్టాక్స్ మసాలా ఏంటో చెప్పనా? ఆలస్యం! నిజం! స్నేర్ డ్రమ్ మీద దెబ్బ రవ్వంత లేటుగా పడుతుంది. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ స్టూడియో మధ్యలో నిలబడి డాన్స్ చేసి మరీ చూపించాడు! దెబ్బ ఇక్కడ పడాలయ్యా అని! అప్పటికాయన వయసు 48! ఆ అడుగులు చూసి అల్ జాక్సన్ డ్రమ్స్ కొట్టాడు, స్టీవ్ క్రాపర్ గిటార్ మీటాడు. అలా పుట్టింది ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’! పాడిన విల్సన్ పికెట్ పైకొచ్చిందెక్కడో తెలుసా? డెట్రాయిట్‌లో! చూశారా, మన ఆట ఎవరో ముందే ఆడేశారు!

మోటౌన్ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. ఎన్నో పాటల్లో స్నేర్ దెబ్బ 4 మాత్రలకూ పడుతుంది! టప్ టప్ టప్ టప్! డాన్స్ రానివాడు కూడా తప్పటడుగు వేయలేడు! స్టాక్స్ వాళ్లు రెండో దెబ్బ కోసం మిమ్మల్ని ఊరిస్తారు. మోటౌన్ వాళ్లు ఊరించరు, చెయ్యి పట్టుకుని లాక్కుపోతారు!

ఇప్పుడు కళ్లు మూసుకోండి! ఓటిస్‌ను పాముల గుంతలోకి దించుదాం. స్టాక్స్‌లో ఆయనకు కోరస్ దాదాపు ఉండదు. ట్రంపెట్లు, శాక్సోఫోన్లే బదులు పలుకుతాయి! అవేం వాయించాలో కూడా ఓటిస్ నోటితో పాడి చూపించేవాడు. మోటౌన్‌లోనేమో ఆండాంటెస్ అనే కోరస్ సిద్ధం! 3 తీయని ఆడగొంతులు! ఓటిస్ ‘గాటా గాటా’ అని అరిచేలోపు వాళ్లు ‘ఊఊ’ అనేస్తారు! పాపం, ఆయనకు ఊపిరాడేదా?

నా ఓటు చెప్పేస్తా. జేమర్సన్ బేస్ మీద ఓటిస్ అదిరిపోయేవాడు! టాంబరిన్, వయొలిన్లు మాత్రం ఆయనకు ఇరుకు చొక్కా! అదే మోటౌన్ గాయకుడు మార్విన్ గే స్టాక్స్‌కు వెళ్లి ఉంటే? అబ్బ! ఆ లేటు దెబ్బ మీద ఆ పట్టు గొంతు! తెలుసా, మార్విన్‌కు డ్రమ్స్ కొట్టడమూ వచ్చు! 1961 నాటి ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’లో డ్రమ్స్ ఆయనవే! అల్ జాక్సన్ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకునేవాడేమో!

ఆగండి, ఓటిస్‌కు ఇంకో గండం ఉంది! మోటౌన్‌లో మర్యాదల బడి ఉండేది! 1964 నుంచి మాక్సీన్ పవెల్ అనే టీచరమ్మ పాఠాలు! ఎలా నడవాలి, ఎలా కూర్చోవాలి, అన్నీ నేర్పేది. రాజుగారి కోటలోనైనా శ్వేతసౌధంలోనైనా తడబడకూడదట! వేదిక మీద కాలు నేలకేసి దంచుతూ చెమటలు కక్కే ఓటిస్‌ను ఆవిడ ముందు కూర్చోబెడితే? ఎవరు ఎవర్ని మార్చేవాళ్లంటారు?

పాట పూర్తయితే సరిపోదు! శుక్రవారం పొద్దున మోటౌన్‌లో ఓట్ల మీటింగు. గోర్డీ ప్రశ్న ఒకటుండేది. జేబులో మిగిలింది 1 డాలరే అనుకోండి. ఈ రికార్డు కొంటారా, శాండ్‌విచ్ కొంటారా? శాండ్‌విచ్ గెలిస్తే పాట అటకెక్కినట్టే!

స్టాక్స్‌లో మీటింగులకు తీరికెక్కడిది? అసలు మిషన్‌కే దిక్కులేదు! 1965 దాకా అక్కడ రికార్డింగ్ 1 ట్రాక్ మీదే! గాయకుడు, డ్రమ్స్, గిటార్, ట్రంపెట్, అందరూ ఒకేసారి! చివరి లైనులో ఒకడు తప్పు చేశాడా? మళ్లీ మొదటి నుంచి!

ఊహలు చాలు, ఇక నిజాలు! కుర్చీ దగ్గరగా లాక్కోండి! ‘మై గర్ల్’ పాట మోటౌన్ కిరీటంలో వజ్రం. రాసింది స్మోకీ రాబిన్‌సన్, రోనాల్డ్ వైట్. పాడింది ది టెంప్టేషన్స్. 1965 మార్చిలో అమెరికాలో నంబర్ వన్! అదే ఏడాది జులైలో ఆ పాట పాడేసిందెవరు? ఓటిస్ రెడ్డింగ్! ఎక్కడ? స్టాక్స్‌లో! వయొలిన్లు ఉండాల్సిన చోట ట్రంపెట్లు! మోటౌన్ వాళ్లది పెళ్లిపందిట్లో పాడినట్టుంటుంది. ఓటిస్‌ది పెళ్లి చూపుల్లో గొంతు తడారినవాడు పాడినట్టుంటుంది! నాకు ఏది ఇష్టమని అడగకండి, రోజుకొకటి!

ఆ పాట ఉన్న ఆల్బమ్ ‘ఓటిస్ బ్లూ’. పాటలు పదకొండు. రికార్డింగ్‌కు పట్టిన సమయం? దాదాపు 24 గంటలు! నమ్మరా? మధ్యలో వాయిద్యకారులు ఊళ్లో కచేరీలకు వెళ్లొచ్చారు కూడా! తిరిగొచ్చి తెల్లవారుజామున మళ్లీ మొదలు!

ఓటిస్ అంతటితో ఆగలేదు! మోటౌన్‌లో మార్విన్ గే, కిమ్ వెస్టన్ కలిసి ‘ఇట్ టేక్స్ టూ’ పాడారు. జంట పాట! సరే అని ఓటిస్ కూడా కార్లా థామస్‌ను వెంటబెట్టుకుని, 1967లో అదే పాట పాడేశాడు! పక్కింటి బాణీ, మనింటి జంట!

ఇక అటునుంచి ఇటు! ‘రెస్పెక్ట్’ పాట రాసింది ఓటిస్. పక్కా స్టాక్స్ సరుకు! దాన్ని మోటౌన్ కుర్రాడు స్టీవీ వండర్ తన ఆల్బమ్‌లో పాడేసుకున్నాడు. అప్పుడు ఆ కుర్రాడి వయసు 17!

ఇప్పుడు చెప్పేది మెల్లగా వినండి, గోర్డీగారి చెవిన పడితే జరిమానా! మోటౌన్ బ్యాండు పేరు ఫంక్ బ్రదర్స్. బయట వాయించడం నిషేధం! వారాంతం వచ్చిందా, వీళ్లు కారెక్కి షికాగో చెక్కేసేవాళ్లు! అటూ ఇటూగా 450 కిలోమీటర్లు! అక్కడ బ్రన్స్‌విక్ కంపెనీలో దొంగచాటుగా వాయించేవాళ్లు. 1967లో జాకీ విల్సన్ పాడిన ‘హయ్యర్ అండ్ హయ్యర్’ విన్నారా? ఆ బేస్ జేమర్సన్‌దే! గాయకుడు ఒక కంపెనీ, వాయిద్యం ప్రత్యర్థి కంపెనీ! మనం ఊహించే వింత అచ్చంగా జరిగిపోయింది, పైగా హిట్టయి కూర్చుంది!

దీనికి కొసమెరుపు ఉంది! అదే జాకీ విల్సన్‌కు 1957లో ‘రీట్ పెటీట్’ పాట రాసినవాళ్లలో ఒకరెవరో తెలుసా? బెర్రీ గోర్డీ! అప్పటికింకా మోటౌన్ లేదు. ఆయన పాట ముందు వెళ్లింది, పదేళ్ల తర్వాత ఆయన బ్యాండు వెళ్లింది!

దొంగతనం డెట్రాయిట్ లోపల కూడా నడిచింది! 1966లో ది క్యాపిటల్స్ ‘కూల్ జెర్క్’ పెద్ద హిట్. మోటౌన్ పాటే అనుకుంటారు! కాదు! వాయిద్యం మాత్రం ఫంక్ బ్రదర్స్‌దే! ఎవరెక్కడ వాయిస్తున్నారో ఆరా తీయడానికి మోటౌన్ మనుషుల్ని పెట్టిందని అంటారు. లాభమేముంది? గొంతులు దాచొచ్చు, ఆ ఒంటివేలి బేస్‌ను ఎక్కడ దాస్తారు?

స్టాక్స్ కూడా తక్కువ తినలేదు! ఏకంగా డెట్రాయిట్ మనిషినే దింపుకుంది! గిటారిస్టు, నిర్మాత డాన్ డేవిస్. ఆయన 1968లో జానీ టేలర్‌తో ‘హూజ్ మేకింగ్ లవ్’ చేయించాడు. మెంఫిస్ కూరకు డెట్రాయిట్ తాలింపు! పాప్ చార్టులో 5వ స్థానం దాకా ఎగిరింది!

మోటౌన్‌లోనూ తాలింపు మారింది! నిర్మాత నార్మన్ విట్‌ఫీల్డ్ చెవిలో అరీతా ఫ్రాంక్లిన్ పాడిన ‘రెస్పెక్ట్’ గింగిరాలు తిరుగుతోంది. దాన్ని మించిపోవాలని పట్టుబట్టాడు! గ్లాడిస్ నైట్ అండ్ ది పిప్స్‌తో ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ చేయించాడు. 1967లో నంబర్ 2! విచిత్రమేంటంటే, అదే పాట అంతకుముందే మార్విన్ గే పాడేసి ఉన్నాడు! అటకమీద పడుంది! మరుసటి ఏడు దుమ్ము దులిపి వదిలితే ఏకంగా నంబర్ వన్! శుక్రవారం ఓట్లను నమ్మకండి మరి!

ఇప్పుడు అసలు బాంబు! అరీతా డెట్రాయిట్‌లో పెరిగింది, మోటౌన్‌కు వెళ్లలేదు. సరే. స్టాక్స్‌కు వెళ్లబోయిందని తెలుసా? వెక్స్‌లర్ ఆమెను జిమ్ స్టీవర్ట్‌కు ఇవ్వజూపాడు! అడ్వాన్సు మీరు కట్టుకోండి, పిల్ల మీదే అన్నాడు. ఎంతో తెలుసా? 25,000 డాలర్లు! స్టీవర్ట్ వద్దన్నాడు! వద్దన్నాడండీ! అరీతా గొంతు, అల్ జాక్సన్ లేటు దెబ్బ, ఆ వాలు నేల... తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది! పైగా ఆమె పుట్టిన ఊరేది? మెంఫిస్! లూసీ అవెన్యూలోని చిన్న ఇల్లు, స్టాక్స్ సినిమా హాలున్న చుట్టుపక్కలే!

ఇంకొకాయన వెతుకులాట చూడండి! గాయకుడు పాల్ సైమన్‌కు 1972 నాటి ‘ఐల్ టేక్ యూ దేర్’ తెగ నచ్చింది. స్టేపుల్ సింగర్స్ పాడిన స్టాక్స్ పాట! స్టాక్స్‌కు ఫోన్ కొట్టి, ఆ నల్లజాతి వాయిద్యకారులు కావాలన్నాడట. అవతలి నుంచి నవ్వు! వాళ్లు తెల్లవాళ్లండీ, ఉండేది అలబామాలో అన్నారట! అవును, స్టాక్స్ పాటే గానీ బ్యాండు అక్కడి మజిల్ షోల్స్ వాళ్లది! పైగా పాట మొదట్లో వచ్చే ఆ బేస్ జమైకా నుంచి ఎత్తుకొచ్చింది! ఎన్ని పొరుగిళ్ల కూరలో లెక్కపెట్టుకోండి!

ఇది చివరిది! ఓటిస్ ‘డాక్ ఆఫ్ ద బే’ పాడినప్పుడు స్టాక్స్ పెద్దలు మొహాలు చూసుకున్నారు. ఇది మన చప్పుడు కాదే అని! జిమ్ స్టీవర్ట్‌కు నచ్చలేదు! కేకల్లేవు, పూనకం లేదు. అలలు, సముద్రపు పక్షులు! 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో ఓటిస్ పోయాడు. పాట తర్వాత వచ్చింది. ఏమైందో తెలుసా? స్టాక్స్ చరిత్రలోనే మొదటిసారి పాప్ చార్టు పైమెట్టు! 4 వారాలు దిగలేదు! స్టాక్స్ లాగా లేని పాటే స్టాక్స్‌ను అక్కడ కూర్చోబెట్టింది! చివర్లో ఆ ఈల విన్నారుగా? అక్కడికి మాటలు కుదరలేదు, అందుకే ఈల వేసేశాడు!