చూసేది తక్కువే, భయం ఎక్కువ: 'పోర్న్ వ్యసనం' అనుకోవడం వెనక ఏముంది?

'నేను అశ్లీల వీడియోలకు బానిసనైపోయాను' అని లోలోపల కుమిలిపోయే యువకులు ఉన్నారు. వారిలో నెలకు ఒకటి రెండుసార్లు చూసేవారూ ఉంటారు. అంతకంటే ఎక్కువ చూసేవారిలో కొందరికి ఆ దిగులే ఉండదు. ఈ తేడా ఎందుకు?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాషువా గ్రబ్స్, ఆయన సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్ననే పరిశీలించింది. ఎంత చూస్తున్నారన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా, దైవభక్తి ఎక్కువగా ఉండి, అది తప్పని గట్టిగా నమ్మేవారిలోనే 'నాకిది వ్యసనం' అన్న భావన ఎక్కువగా కనిపించింది. నమ్మకం ఒకవైపు, నడత మరోవైపు లాగినప్పుడు పుట్టే బాధకు మనిషి 'వ్యసనం' అని పేరు పెట్టుకుంటాడన్నమాట.

ఆ పేరు పెట్టుకున్నాక బాధ పెరగవచ్చు. ఇక చూడనని ఒట్టు పెట్టుకుంటాడు. ఒట్టు తప్పితే 'నేనిక బాగుపడను' అనుకుంటాడు. ఎవరితోనూ చెప్పుకోలేక ఒంటరివాడవుతాడు. ఆ ఒంటరితనమే మళ్లీ ఫోన్ చేతికిస్తుంది.

మన దేశంలో ఇలాంటి భయం కొత్తది కాదు. వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుందన్న దిగులుతో నీరసపడి వైద్యుల దగ్గరికి వచ్చేవారిని గమనించి, డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో దానికి 'ధాతు సిండ్రోమ్' అని పేరు పెట్టారు. వీర్యం పోవడం వల్ల ఒంటికి నష్టం లేదు. మనిషిని కుంగదీసేది ఆ భయమే. గోడల మీద రాతలతో 'శక్తి' మందులు అమ్మేవారికి పెట్టుబడి కూడా అదే.

అలాగని అసలు సమస్యే లేదని కాదు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో, అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన ఒక రుగ్మతగా ఉంది. దాన్ని వ్యసనాల కింద కాక, ఆవేశాన్ని ఆపుకోలేని రుగ్మతల కింద చేర్చారు. సాధారణంగా ఆరు నెలలు, అంతకు మించి అదుపు తప్పి ఉండాలి. చదువు, ఉద్యోగం, కాపురం దెబ్బతినడమో, మనిషి తీవ్రంగా బాధపడడమో కనిపించాలి. కేవలం 'తప్పు చేస్తున్నాను' అన్న బాధ ఒక్కటే ఉంటే రుగ్మత కిందికి రాదని అందులో స్పష్టంగా రాశారు.

అది తప్పని నమ్మేవారు ఆ నమ్మకాన్ని వదులుకోనక్కర్లేదు. మానాలనుకుంటే మానవచ్చు. కానీ తప్పు వేరు, జబ్బు వేరు. కొడుకు నోరు విప్పితే 'చెడిపోయావు' అని తిట్టకుండా, నిద్ర, చదువు, స్నేహాలు ఎలా ఉన్నాయో ముందు అడగండి.

అవి దెబ్బతింటున్నాయనిపిస్తే సాయం తీసుకోండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ అతివాడకానికి 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ ఉంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీరు హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, తెలుగును ఎంచుకుని మాట్లాడవచ్చు. ఇలాంటి సంగతి సొంత భాషలో చెప్పుకోగలగడమే సగం ఊరట.